ఎగువన జారిన చుక్క

భద్రాచలం నుంచి చర్ల వైపు వెళ్లే బస్సు ఊరు దాటీ దాటకముందే ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవేశిస్తుంది. రాష్ట్ర విభజనప్పుడు ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలు అటు పోయాయి. వాటి వెనకున్న దుమ్ముగూడెం, చర్ల మండలాలు తెలంగాణకే మిగిలాయి. తెలంగాణ పల్లెకు పోవాలంటే కాసేపు ఆంధ్రా రోడ్డు ఎక్కక తప్పదు. బస్సులో ఎవరికీ ఆ పట్టింపు లేదు. కార్తీకమాసం కావడంతో పర్ణశాల వెళ్లే భక్తులు, ఒళ్లో ఉసిరికొమ్మలు, సంతకు గంపలతో బయల్దేరిన కోయ ఆడవాళ్లు. కిటికీ అద్దాలకు లోపలివైపు సన్నటి నీటిబొట్లు పట్టాయి. నా పక్కన కూర్చున్న పిల్లవాడు వాటిమీద వేలితో చేపబొమ్మ గీస్తున్నాడు.

సహజవాయువు ప్లాంట్లలో నేను చేసిన ఉద్యోగమంతా ఆ బొట్టు గొట్టంలో పుట్టకుండా చూడటమే. భూమిలోంచి వచ్చే గ్యాస్ పొడిగా ఉండదు, నీటి ఆవిరిని మోసుకొస్తుంది. గ్యాస్ చల్లబడి ఒక హద్దు దాటిందంటే ఆ ఆవిరి బొట్లుగా మారుతుంది. ఆ హద్దునే మంచు బిందువు అంటారు. బొట్టు ఒక్కటే ఉంటే పెద్ద ప్రమాదం లేదు. గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడో, హైడ్రోజన్ సల్ఫైడో ఉంటే ఆ బొట్టు ఆమ్లమై ఉక్కును తినడం మొదలుపెడుతుంది. పీడనం ఎక్కువై చలి కూడా తోడైతే నీరు, గ్యాస్ కలిసి హైడ్రేట్ అనే మంచులాంటి గడ్డ తయారై లైను మూసుకుపోతుంది. అందుకే అమెరికాలో పైపులైన్లకు గ్యాస్ ఇవ్వాలంటే 10 లక్షల ఘనపుటడుగులకు నీరు 7 పౌండ్లు మించకూడదని ఒప్పందాల్లో రాసుకుంటారు.

ఈసారి గోదావరి వెంట పైనుంచి కిందికి, దుమ్ముగూడెం నుంచి కోనసీమలోని నగరం గ్రామం దాకా పోదామని బయల్దేరాను. నగరం ఎందుకో చివర్లో చెబుతాను. దుమ్ముగూడెం ఎందుకంటే దాని అవతలి గట్టున ఒక కర్మాగారం ఉంది. దానికీ మా వృత్తికీ పాత చుట్టరికం.

ఊళ్లో దిగి నదివైపు నడిచాను. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర చూపు ఎగువ గోదావరి మీద పడింది. నాగపూర్, బేరార్ ప్రాంతాల పత్తిని పడవల్లో సముద్రందాకా దింపాలని ఆయన తలపెట్టాడు. నదికి అడ్డంగా మూడుచోట్ల రాతి గుట్టలున్నాయి, అక్కడ పడవ ముందుకు సాగదు. మొదటి అడ్డంకి దుమ్ముగూడెం దగ్గరే. హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో ఇక్కడ ఆనకట్ట, లాకులు, పడవల కాలువ కట్టారు. జ్వరాలు, కూలీల కొరత, పెరుగుతున్న ఖర్చు, మరోవైపు ముందుకొస్తున్న రైలు, ఇవన్నీ కలిసి 1870ల మొదట్లో ఆ పనిని ఆపేశాయి. పత్తి పడవలు రాలేదు కానీ రాతికట్టు మాత్రం నిలిచింది. రాళ్ల సందుల్లో నాచు, అంచుమీద పలచటి తెరలా జారే నీరు. ఒక ముసలాయన మోకాలిలోతు నీళ్లలో నిలబడి వల సర్దుతున్నాడు.

"చేప పడుతోందా పెద్దాయనా?" అన్నాను.

"పడతది గనీ, పైన గేట్లు ఎత్తితే వల పోతది సారూ. ఎప్పుడెత్తుతరో మాకెవలు చెప్తరు?" అన్నాడు తల ఎత్తకుండానే.

పడమటి దిక్కున, నది అవతల, మంచు విడిపోతున్నకొద్దీ పొగగొట్టాలు తేటపడ్డాయి. అశ్వాపురం దగ్గర గౌతమీనగర్‌లోని మణుగూరు భారజల కర్మాగారం వైపు అది. 1991లో ఉత్పత్తి మొదలైంది. గోదావరి నీళ్లు, సింగరేణి బొగ్గు రెండూ చేతికందే దూరంలో ఉండటంతో ఈ చోటు ఎంచుకున్నారు. మామూలు నీటిలో ఇంచుమించు ఏడువేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ ఉంటుంది. అది నిండిన నీరే భారజలం. దాన్ని పోగుచేయడానికి వాడేది హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన కోడిగుడ్డు వాసనగల ఆ విషవాయువే. పొడవాటి టవర్లలో ఒకచోట 30 డిగ్రీల దగ్గర, మరోచోట 130 డిగ్రీల దగ్గర నీటికీ ఈ వాయువుకీ మధ్య డ్యుటీరియం చేతులు మారుతుంది. చల్లటి టవర్లో నీరు దాన్ని లాక్కుంటుంది, వేడి టవర్లో వాయువు తీసుకుంటుంది. ఈ పద్ధతికి గర్డ్లర్ సల్ఫైడ్ ప్రాసెస్ అని పేరు.

చుట్టరికం ఆ గర్డ్లర్ పేరులోనే ఉంది. అమెరికాలో కెంటకీ రాష్ట్రపు లూయీవిల్ నగరంలోని గర్డ్లర్ కంపెనీలో పనిచేసిన ఆర్.ఆర్. బాటమ్స్‌కు 1930లో ఒక పేటెంటు దక్కింది. ఆయన చూపిన దారి ఇది: అమైన్ అనే క్షార రసాయనం కలిపిన నీటితో గ్యాస్‌ను కడిగితే హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్ అమైన్‌కు అతుక్కుంటాయి, ఆ అమైన్‌ను వేడిచేస్తే వాటిని వదిలేస్తుంది, మళ్లీ వాడుకోవచ్చు. గర్డ్లర్, బాటమ్స్ పేర్లు కలిపి దానికి గర్బొటాల్ అని పెట్టారు. ఈ ఆమ్ల వాయువులున్న గ్యాస్‌ను సోర్ గ్యాస్ అంటారు. నేటికీ ప్రపంచంలో సోర్ గ్యాస్ ప్లాంట్లు ఎక్కువగా నడిచే దారి అదే. గుజరాత్‌లో హజీరా, ఖతార్‌లో రాస్ లఫాన్, అబుదాబిలో హబ్షాన్, ఎక్కడికి పోయినా అమైన్ టవర్ కనబడుతుంది. దాని పక్కన షిఫ్టులో ఒక తెలుగు కుర్రాడూ కనబడతాడు. అదే కంపెనీ తర్వాత హైడ్రోజన్ సల్ఫైడ్‌తో భారజలం తీసే ప్లాంటు రూపకల్పనలో పాలుపంచుకుంది. ఒకే వాయువును అక్కడ తరిమేస్తారు, ఇక్కడ కాపాడి తిప్పుతారు.

మధ్యాహ్నం మళ్లీ భద్రాచలం వచ్చి, వంతెన దాటి, సారపాక మీదుగా అశ్వాపురం చేరుకున్నాను. గ్యాస్ ప్లాంటులో నా కింద ట్రైనీగా చేరిన తమ్ముడొకడి అత్తగారి ఊరు ఆ పక్కనే. రోడ్డుమీద టీకొట్టు దగ్గర నా కోసం కాచుకుని ఉన్నాడు. ఇప్పుడు గల్ఫ్‌లో గ్లైకాల్ యూనిట్ చూస్తున్నాడు, సెలవులో వచ్చాడు.

"అన్నా, ఆ సీసా గుర్తుందా?" అన్నాడు కూర్చోకముందే.

మరిచిపోయేది కాదు ఆ సీసా. పేరెందుకు కానీ, మేమిద్దరం పనిచేసిన ఒక ప్లాంటులో జరిగిన సంగతి. గ్యాస్ ముందు అమైన్ టవర్‌లోకి పోయి ఆమ్ల వాయువులు వదిలించుకునేది. అమైన్ ద్రావణంలో సగానికి పైగా నీరే కనుక గ్యాస్ అక్కడినుంచి పూర్తిగా తడిసి బయటికొచ్చేది. ఆ తడి తీయడానికి వెంటనే గ్లైకాల్ కాంటాక్టర్. ట్రైఇథిలీన్ గ్లైకాల్‌కు నీరంటే మహా దాహం. టవర్ పైనుంచి గ్లైకాల్ దిగుతుంది, కిందినుంచి గ్యాస్ ఎక్కుతుంది, ట్రేల మీద రెండూ కలుసుకుంటాయి. ఒక కిలో నీటిని లాగడానికి 20 నుంచి 25 లీటర్ల గ్లైకాల్ తిప్పుతారు. తడిసిన గ్లైకాల్‌ను రీబాయిలర్‌లో 200 డిగ్రీల దాకా కాచి నీరు వెళ్లగొట్టి, మళ్లీ పైకి పంపుతారు. 206 డిగ్రీలు దాటితే గ్లైకాలే విరిగిపోవడం మొదలవుతుంది కనుక 204కు మించనివ్వరు.

ఒకరోజు గ్యాస్ మంచు బిందువు పైకి పాకడం మొదలైంది. గ్లైకాల్ కూడా తగ్గిపోతోంది. మంచి యూనిట్‌లో 10 లక్షల ఘనపు మీటర్ల గ్యాస్‌కు ఓ 13 లీటర్ల దాకా గ్లైకాల్ పోతే అది మామూలు. మాకు అంతకు ఎన్నో రెట్లు పోతోంది. ఫిల్టర్లు మార్చారు. యాక్టివేటెడ్ కార్బన్ మార్చారు. ఫోమ్ తగ్గే మందు పోశారు. గ్లైకాల్ సరఫరా చేసినవాళ్లను నిలదీశారు. ఏం చేసినా ఒకపూట బాగుండి మళ్లీ మొదటికి వచ్చేది.

అప్పుడు లాబ్‌లో ఒక సీనియర్ కెమిస్టుగారు గాజు సీసాలో సగానికి గ్లైకాల్ నింపి, మూతబిగించి బలంగా ఊపి బల్లమీద పెట్టారు. మంచి గ్లైకాల్ అయితే నురగ కొద్దిసేపట్లో కూలిపోవాలి. ఆ సీసాలో మాత్రం బూడిదరంగు నురగ పాలపొంగులా మూతదాకా లేచి అక్కడే ఆగిపోయింది. కింద గ్లైకాల్ టీ డికాషన్‌లా నల్లగా ఉంది. మూత తీసి దూరంగా పట్టుకుని చేత్తో గాలిని ముక్కువైపు విసిరారు. అమ్మోనియాను తలపించే ఘాటు. గ్లైకాల్‌ను సమంగా డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పీహెచ్ చూశారు. గ్లైకాల్‌కు 7 నుంచి 8.5 మధ్య ఉంటే ఆరోగ్యం. అది 10 దగ్గర పడింది. ఆయన మమ్మల్ని చూసి, "గ్లైకాల్‌కి జబ్బు లేదు బాబూ. అమైన్ వచ్చి పడుతోంది. ఇక్కడ వెతక్కండి, ముందు టవర్‌లో చూడండి" అన్నారు.

అమైన్ టవర్ ఆపి తెరిచారు. పైన గ్యాస్ బయటికి పోయే దారిలో సన్నటి తీగల అల్లిక ఉంటుంది, డిమిస్టర్ అంటారు. గ్యాస్ వెంట ఎగిరే ద్రవపు తుంపరలను అది పట్టి కిందికి జార్చాలి. అది ఒక మూల విడిపోయి వేలాడుతోంది. అంతకుముందు అమైన్ ద్రావణంలో తుప్పు పొడి, హైడ్రోకార్బన్ నూనె చేరి నురగ లేచినప్పుడు దాన్ని ఎత్తిపడేసి ఉంటుంది. ఆ ఖాళీలోంచి ప్రతి గంటా కొద్దికొద్దిగా అమైన్ గ్లైకాల్‌లో పడుతోంది. టవర్లకు మధ్య ఉన్న నాకౌట్ డ్రమ్ పెద్ద బొట్లను పట్టింది గానీ తుంపరను పట్టలేకపోయింది.

ఇది పుస్తకాల్లో ఒక పేరాలో ముగుస్తుంది కనుక దాని బరువు తెలియదు. గ్లైకాల్‌లో అమైన్ చేరితే మూడు నాలుగు నష్టాలు కలిసి వస్తాయి. పీహెచ్ 9 దాటితే గ్లైకాల్ నురగ పెట్టడం మొదలవుతుంది, గ్యాస్‌లో ఉండే నూనెతో కలిసి చిక్కటి ఎమల్షన్ అవుతుంది, నురగతోపాటు గ్లైకాలే పైపులైనులోకి కొట్టుకుపోతుంది. అమైన్ వెంట వచ్చే నీరు రీబాయిలర్ మీద అదనపు భారం వేస్తుంది. గ్లైకాల్ శుద్ధి 99 శాతం నుంచి 98కి దిగితే చాలు, గ్యాస్ తడి మిగిలిపోవడానికి. ఇక అమైన్‌ను దాని సొంత ప్లాంటులో 115 నుంచి 125 డిగ్రీల మధ్య కాస్తారు. గ్లైకాల్ రీబాయిలర్‌లో 200 దగ్గర కాగితే విరిగి, బంక లాంటి నల్లటి పదార్థం అవుతుంది, వేడి గొట్టాలకు పట్టుకుంటుంది. అమైన్ టవర్ అదుపు తప్పినప్పుడు మిగిలిపోయే ఆమ్ల వాయువులను కూడా గ్లైకాల్‌లోని అమైన్ పట్టుకుని, రీబాయిలర్ పైన స్టిల్ కాలమ్‌లో వదులుతుంది. అక్కడి ఉక్కు తుప్పుపడుతుంది, వెంటు దగ్గర నిలబడ్డ మనిషి ఊపిరిలోకి విషం పోతుంది.

ఏ అమైన్ వచ్చిందన్నదీ ముఖ్యమే. మోనోఇథనాలమైన్ 170 డిగ్రీల దగ్గర మరుగుతుంది కనుక కొంతైనా ఆవిరితోపాటు పోతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే ఎండీఈఏ మరిగేది 247 డిగ్రీల దగ్గర. రీబాయిలర్ వేడికి అది కదలదు, రోజురోజుకూ పేరుకుంటుంది. ఫిల్టర్ దాన్ని ఆపదు, కార్బన్ పెద్దగా పీల్చదు. గ్లైకాల్‌ను వాక్యూమ్‌లో స్వేదనం చేయాలి, లేదా అయాన్ ఎక్స్‌ఛేంజ్‌కు పంపాలి, లేదంటే పారేసి కొత్తది పోయాలి. అంతకన్నా ముందు అమైన్ టవర్ పైభాగంలో రెండు మూడు ట్రేలలో శుభ్రమైన నీటితో గ్యాస్‌ను కడగాలి, టవర్ల మధ్య సన్న తుంపరను కూడా పట్టే మంచి ఫిల్టర్ కోలెసర్ పెట్టాలి, అమైన్‌ను నూనె లేకుండా చూసుకోవాలి. ఈ ఖర్చును అనవసరం అనేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లతో నేనెప్పుడూ ఏకీభవించలేదు.

"మరి పీహెచ్ పడిపోతే మనమే గ్లైకాల్‌లో అమైన్ వేస్తాం కదన్నా?" అన్నాడు తమ్ముడు.

మంచి ప్రశ్న. గ్లైకాల్ పాతబడి ఆమ్లంగా మారితే, పీహెచ్ పెంచడానికి ట్రైఇథనాలమైన్ లాంటిదాన్ని కొద్దిగా, కొలిచి, నెమ్మదిగా కలుపుతారు. అక్కడ అమైన్ మందు. పై టవర్ నుంచి కొలత లేకుండా పడేది మాత్రం విషమే. కుర్ర ఇంజనీర్లు తికమకపడేది ఇక్కడే. లాగ్‌బుక్‌లో పీహెచ్ 9.5 అని కనబడితే ఎవరో మందు ఎక్కువ వేశారని అనుకుని వదిలేస్తారు. ఎంత వేశారో లెక్క లేనిచోట ఎంత జారిపడిందో ఎన్నటికీ తెలియదు. అతడు ఇప్పుడు తన యూనిట్‌లో ప్రతివారం పీహెచ్, అమైన్ శాతం రెండూ పక్కపక్కనే రాయిస్తున్నానని చెప్పాడు. నాకు చాలా సంతోషమైంది.

పర్ణశాలకు మర్నాడు పొద్దున వెళ్లాను. సీతవాగు ఒడ్డున పసుపు, ఎరుపు చారలున్న రాళ్లను సీతమ్మ చీరలారేసుకున్న గుర్తులని చూపిస్తారు. వాగు పారి గోదావరిలో కలుస్తుంది, జనం దీపాలు వదులుతున్నారు. అక్కడినుంచి వెనక్కి వచ్చి చింతూరు, మారేడుమిల్లి ఘాట్ దిగి, రాజమండ్రి మీదుగా కోనసీమలో పడ్డాను. కొబ్బరితోటలు, కాలువలు, ప్రతి రెండుమూడు మైళ్లకు కంచె కట్టిన ఒక గ్యాస్ బావి. గుట్టల మధ్య నది చూసిన కళ్లకు ఇది వేరే లోకం.

నగరం గ్రామం మామిడికుదురు మండలంలో తాటిపాక రిఫైనరీకి ఆనుకునే ఉంటుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున 5:30 ప్రాంతంలో ఆ ఊరి మధ్యనుంచి పోయే గెయిల్ వారి 18 అంగుళాల పైపులైను పగిలింది. అది తాటిపాక నుంచి కొండపల్లికి గ్యాస్ మోసే లైను. పరచుకున్న గ్యాస్‌కు నిప్పంటుకుంది. నిద్రలేస్తున్నవాళ్లు, పొయ్యి వెలిగించుకుంటున్నవాళ్లు, పిల్లలతో సహా 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరిచెట్లు మాడిపోయాయి. గొట్టం లోపలివైపు తుప్పు పట్టిందని, పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో నీరూ, కండెన్సేటూ కలిసిన తడి గ్యాస్ పంపారని, దాన్ని పొడిచేసే డీహైడ్రేషన్ యూనిట్ ఎగువన లేదని విచారణలో తేలింది.

నగరంలో అమైన్ పాత్ర ఏమీ లేదు. కోనసీమ గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ బెడద అంతగా లేదు, అందుకని అమైన్ టవర్ అవసరం పడలేదు. అక్కడ లేనిది గ్లైకాలే. మేము సీసాలో నురగ చూసి కంగారుపడ్డామంటే, ఆ కంగారు నురగ గురించి కాదు. తడి గ్యాస్ లైనులోకి పోతే ఏమవుతుందో నగరం చూపించింది. గ్లైకాల్ యూనిట్ కట్టకపోవడం ఒక నేరం. కట్టిన యూనిట్‌లో అమైన్ పడుతుంటే చూస్తూ ఊరుకోవడం దానికి తక్కువేమీ కాదు. రెండింటిలోనూ కిందున్న ఊరికి చేరేది అదే నీటిబొట్టు.

ఊళ్లో ఒకామె కొబ్బరాకులు చీరుతూ కూర్చుని ఉంది. గ్యాస్ గురించి అడిగితే, "ఆరోజుకి ముందు కూడా వాసనొస్తాందని చెప్పేవోళ్లమండీ. ఎవరు పట్టించుకున్నారు?" అంది. తర్వాత ఆ మాట తెంచేసి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమెకు ఓదార్పుగా చెప్పగలిగింది నా దగ్గర ఏమీ లేదు.

ఇలాంటి పైపులు ఇప్పుడు మన జిల్లాల్లో చాలావాటి కింద ఉన్నాయి. 2021లో మళ్లీ ప్రాణం పోసుకున్న రామగుండం ఎరువుల కర్మాగారానికి గ్యాస్ గోదావరి జిల్లాల వైపునుంచి ఉమ్మడి ఖమ్మం నేల మీదుగానే పోతోంది. గడిమొగ నుంచి గుజరాత్ దాకా మరో లైను తెలంగాణను దాటుకుని పోతోంది. మీ పొలంగట్టున గ్యాస్ కంపెనీ పాతిన గుర్తు స్తంభం ఉంటే దాని మీద ఫోన్ నంబరు ఉంటుంది. రాసి పెట్టుకోండి. వాసన వస్తే వెంటనే చెప్పండి, చెప్పిన సమయం కూడా రాసుకోండి. ఊరి తరఫున ఒక కాగితం పెట్టి మూడు ప్రశ్నలు అడగండి: ఈ లైనులో గ్యాస్ మంచు బిందువు ఎంత, గ్యాస్‌ను ఎక్కడ పొడిచేస్తున్నారు, గొట్టం లోపల తుప్పును చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? గెయిల్, ఓఎన్‌జీసీ ప్రభుత్వరంగ సంస్థలు. 2005 సమాచార హక్కు చట్టం వాటికి వర్తిస్తుంది, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.